వేగమెక్కితే దగ్గే పాత కారు: లోపం నిప్పురవ్వలోనా, పెట్రోలులోనా?

పాత కార్లు ఉన్నవారికి బాగా తెలిసిన జబ్బు ఒకటుంది. ఉదయం సెల్ఫ్ కొట్టగానే ఇంజిన్ అందుకుంటుంది. ఐడిల్‌లో నిలకడగా నడుస్తుంది. ఊళ్లో ముప్ఫై, నలభై వేగంలో ఏ ఇబ్బందీ పెట్టదు. సూరత్ దాటి, నవసారి వైపు 48వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, ముందున్న లారీని దాటుదామని మూడో గేరులో యాక్సిలేటర్ గట్టిగా తొక్కినప్పుడు మాత్రం కారు దగ్గడం మొదలుపెడుతుంది. లాగుతుంది, ఆగుతుంది, మళ్లీ లాగుతుంది. పెడల్ కాస్త వదిలితే మామూలే. గ్యారేజీల్లో దీన్ని ‘మిస్సింగ్’ అంటారు. వినడానికి చిన్న మాటే కానీ, లారీ పక్కన సగం దూరం వెళ్లాక బలం పోతే, వెనక నుంచి ఇంకో వాహనం దూసుకొస్తుంటే అది చిన్న విషయం కాదు.

చుట్టూ ఉన్నవారు ఇచ్చే మొదటి సలహా ‘కార్బొరేటర్ విప్పి కడిగించు’ అని. ఈమధ్య రెండో సలహా కూడా తోడయింది: ‘ఇదంతా ఇథనాల్ పెట్రోలు మహిమ, మనం చేసేదేం లేదు’. రెండూ నిజం కావచ్చు, రెండూ తప్పూ కావచ్చు. విప్పడానికి ముందే చాలావరకు తేల్చుకునే దారి ఉంది. దానికి కావలసింది ఇంటర్మీడియట్ స్థాయి భౌతికశాస్త్రం, కాస్త ఓపిక.

ఉదాహరణకు ప్రీమియర్ పద్మిని తీసుకుందాం. ఇటలీ ఫియట్ 1100 నమూనాతో ముంబయి కుర్లాలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ తయారుచేసిన కారు ఇది. 1974 నుంచి ‘పద్మిని’ పేరుతో వచ్చింది. అంటే తొలి పద్మినీలకు ఇప్పటికే యాభై ఏళ్లు నిండాయి. కేంద్ర ప్రభుత్వం 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న కారు ‘వింటేజ్’ వాహనంగా నమోదుకు అర్హమవుతుంది. ముంబయిలో చివరి పద్మిని ట్యాక్సీ గడువు 2023 అక్టోబరులో ముగిసింది. మిగిలినవాటిలో ఎక్కువ భాగం ఇప్పుడు ఇష్టంతో దాచుకున్నవారి దగ్గరే ఉన్నాయి. నాలుగు సిలిండర్లు, 1,089 సీసీ, ఒక కార్బొరేటర్, పాయింట్లతో నడిచే ఇగ్నిషన్. కంప్యూటర్ లేదు, సెన్సర్ లేదు. లోపం వస్తే ఏ దీపమూ వెలగదు. అంబాసిడర్‌కైనా, పాత జీపుకైనా కింది లెక్క కొద్ది తేడాతో అలాగే వర్తిస్తుంది.

ఇంజిన్‌కు దొరికే సమయం

లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో మరమగ్గాల మీద పనిచేసే మన తెలుగువారికి ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. నాడె మగ్గానికి ఒక పక్క నుంచి రెండో పక్కకు చేరేలోపు పడుగు తెరుచుకుని ఉండాలి. మగ్గం వేగం పెంచి, నాడెను కొట్టే దెబ్బ మాత్రం బలహీనంగా ఉంటే నాడె చేరకముందే పడుగు మూసుకుంటుంది, నాడె ఇరుక్కుంటుంది. తక్కువ వేగంలో కనిపించని బలహీనత ఎక్కువ వేగంలో బయటపడుతుంది.

ఇంజిన్‌లోనూ అంతే. నిమిషానికి 4,500 చుట్లు అంటే సెకనుకు 75. నాలుగు సిలిండర్ల, నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌కు ఒక చుట్టుకు రెండు స్పార్కులు కావాలి. అంటే సెకనుకు 150. ఒక స్పార్కుకూ మరో స్పార్కుకూ మధ్య దొరికేది 6.7 మిల్లీసెకన్లు. ఐడిల్‌లో, 800 చుట్ల దగ్గర, అదే వ్యవధి 37 మిల్లీసెకన్లకు పైగా ఉంటుంది.

కాబట్టి ఎక్కువ వేగంలో వచ్చే తడబాటుకు కారణాలు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి, సమయం చాలకపోవడం: కాయిల్ నిండదు, పాయింట్లు మూసుకోవు, వాల్వులు వెనక్కి రావు. రెండోది, పరిమాణం చాలకపోవడం: కావలసినంత పెట్రోలు రాదు, లేదా కావలసినంత గాలి లోపలికి పోదు. మొదటిది ముఖ్యంగా చుట్ల వేగం మీద ఆధారపడుతుంది. రెండోది ఇంజిన్ మీద పడే బరువు మీద, ఆ బరువు ఎంతసేపు పడింది అన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. రోగనిర్ధారణ అంతా ఈ తేడా మీదే నడుస్తుంది.

అందుకే పానా పట్టుకునే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. కారు న్యూట్రల్‌లో నిలబడి ఉండగా యాక్సిలేటర్ తొక్కినా దగ్గుతోందా? లేక ఫ్లైఓవర్ ఎక్కుతున్నప్పుడు, నిండా జనం ఉన్నప్పుడే దగ్గుతోందా? తొక్కిన వెంటనే దగ్గుతోందా, కొన్ని సెకన్లు బాగా లాగి ఆ తర్వాతా? సూరత్‌లో వంతెనలకు కొరత లేదు గనుక రెండో ప్రశ్నకు జవాబు దొరకడం తేలికే. ఈ కార్లలో చుట్లు చూపే మీటర్ ఉండదు కాబట్టి గేరు, వేగం కలిపి గుర్తుపెట్టుకోవాలి. ‘మూడో గేరులో 65 దగ్గర’ అని చెప్పగలిగితే మెకానిక్‌కు సగం పని తగ్గుతుంది.

కుళాయి కింద బిందె

కార్బొరేటర్ లోపాలనుకున్నవాటిలో ఎక్కువ భాగం ఇగ్నిషన్ లోపాలే అని మెకానిక్కుల్లో ఒక నానుడి. ఎందుకలా అంటారో లెక్క చూస్తే తెలుస్తుంది.

డిస్ట్రిబ్యూటర్‌లో (మన గ్యారేజీల్లో ‘డెల్కో’) పాయింట్లు మూసుకున్నంతసేపూ బ్యాటరీ నుంచి కాయిల్‌లోకి కరెంటు పారుతుంది. అవి విడిపోగానే కాయిల్‌లో దాచుకున్న శక్తి వేల వోల్టుల పోటుగా ప్లగ్గుకు చేరుతుంది. అయితే కాయిల్‌లో కరెంటు ఒక్కసారిగా పెరగదు. కుళాయి కింద పెట్టిన బిందెలా నెమ్మదిగా నిండుతుంది. వెనక వరుస పొడుగ్గా ఉండి, నిండకముందే బిందె లాగేస్తే ఎన్ని నీళ్లు పడితే అన్నే.

పాయింట్లు మామూలు సెట్టింగులో ప్రతి 90 డిగ్రీలకు 60 డిగ్రీలు మూసుకుని ఉంటాయనుకుందాం. కాయిల్ నిరోధం 3 ఓములు, ప్రేరకత్వం 8 మిల్లీహెన్రీలు, వోల్టేజీ 12 అనుకుందాం. ఆ తరం కాయిళ్లకు ఇవి దగ్గరి అంకెలే. ఐడిల్‌లో కాయిల్‌కు 25 మిల్లీసెకన్లు దొరుకుతాయి. కరెంటు పూర్తిగా 4 ఆంపియర్లకు చేరుతుంది, శక్తి 64 మిల్లీజూళ్లు. 4,500 చుట్ల దగ్గర దొరికేది 4.4 మిల్లీసెకన్లే. కరెంటు 3.2 ఆంపియర్ల దగ్గర ఆగిపోతుంది, శక్తి 42 మిల్లీజూళ్లకు పడిపోతుంది. కారు కొత్తగా ఉన్నప్పుడు కూడా ఇంతే. ఇది లోపం కాదు, ఈ పద్ధతికి ఉన్న హద్దు.

ఇప్పుడు పాయింట్ల మధ్య ఖాళీ ఎక్కువగా పెట్టారనుకోండి. ఖాళీ ఎక్కువైతే అవి మూసుకుని ఉండే కోణం తగ్గుతుంది. 60 కాస్తా 45 డిగ్రీలైతే కరెంటు 2.85 ఆంపియర్లు, శక్తి 32 మిల్లీజూళ్లు. దీనికి తోడు ఇగ్నిషన్ తాళం లోపల తుప్పు పట్టి, కాయిల్ దాకా వచ్చేసరికి 12 వోల్టులు 10.5 అయిందనుకుంటే మిగిలేది పాతిక మిల్లీజూళ్లు. శక్తి కరెంటు వర్గానికి అనులోమంగా ఉంటుంది కాబట్టి చిన్న చిన్న నష్టాలు కూడి పెద్దవవుతాయి. ఐడిల్‌లో ఇవేవీ తెలియవు. అక్కడ బిందె నిండడానికి బోలెడు సమయం ఉంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. ప్లగ్గు బయటకు తీసి, ఇంజిన్‌కు ఆనించి, స్పార్క్ వస్తోందని చూపించి ‘కరెంటు బాగానే ఉంది సార్’ అనడం చూస్తుంటాం. ఈ పరీక్షను నమ్మలేం. వాయువులో రవ్వ దూకడానికి కావలసిన వోల్టేజీ ఆ వాయువు పీడనం, ఖాళీ దూరం — ఈ రెండింటి లబ్ధం మీద ఆధారపడుతుందని పాషెన్ నియమం చెబుతుంది. బయటి గాలిలో దూకిన రవ్వ, సిలిండర్‌లో అనేక రెట్ల పీడనం కింద దూకలేకపోవచ్చు. యాక్సిలేటర్ పూర్తిగా తొక్కినప్పుడు సిలిండర్‌లోకి గాలి ఎక్కువ వెళ్తుంది, పీడనం ఇంకా పెరుగుతుంది. అంటే కాయిల్ దగ్గర శక్తి బాగా తగ్గిన వేళనే ప్లగ్గు ఎక్కువ వోల్టేజీ అడుగుతుంది.

ఇదే నియమాన్ని పరీక్షగా వాడుకోవచ్చు. నాలుగు ప్లగ్గుల ఖాళీనీ 0.6 మిల్లీమీటర్ల నుంచి 0.5కు తగ్గించి అదే దారిలో నడపండి. దగ్గు పోయినా, మరింత పై వేగానికి జరిగినా, లోపం దాదాపుగా ఇగ్నిషన్‌లోనే ఉంది. పాత ప్లగ్గులు అరిగి ఖాళీ పెరగడం వల్లే సమస్య మొదలై ఉండవచ్చు కూడా. ఇది శాశ్వత చికిత్స కాదు. దోషి ఎక్కడున్నాడో తెలుసుకునేందుకే.

అప్పుడు వరుసగా చూడాల్సినవి: పాయింట్ల ఖాళీ (సాధారణంగా 0.4 నుంచి 0.5 మిల్లీమీటర్ల మధ్య, కచ్చితమైన అంకె కారు మాన్యువల్‌లో ఉంటుంది), వాటి స్ప్రింగు, కండెన్సర్, డెల్కో మూత, హెచ్‌టీ వైర్లు. స్ప్రింగు వదులైతే పాయింటు కామ్‌ను అనుసరించలేక ఎగిరెగిరి పడుతుంది. సూరత్ నాడె కథే ఇది. కండెన్సర్‌ది మరో తీరు: చల్లగా ఉన్నప్పుడు బాగా పనిచేసి, అరగంట నడిచి వేడెక్కాక మొరాయిస్తుంది. పాయింట్ల ముఖాలు త్వరత్వరగా కాలి గుంటలు పడుతుంటే ముందు దాన్నే అనుమానించాలి. దాని ఖరీదు కార్బొరేటర్ ఓవర్‌హాల్ ఖరీదుతో పోలిస్తే ఏమూలకూ రాదు.

డెల్కో లోపల స్పార్కును ముందుకు జరిపే చిన్న బరువులు ఉంటాయి. వేగం పెరిగేకొద్దీ అవి బయటికి విచ్చుకోవాలి. 800 చుట్ల దగ్గర ఒక మిల్లీసెకనులో క్రాంకు తిరిగేది సుమారు 5 డిగ్రీలు, 4,500 దగ్గర 27 డిగ్రీలు. మంటకు పట్టే సమయం అంతగా మారదు కాబట్టి స్పార్కు ముందే రావాలి. గ్రీజు ఎండి ఆ బరువులు బిగుసుకుపోతే కారు దగ్గడం కన్నా నీరసపడటం, వేడెక్కడం ఎక్కువగా కనిపిస్తుంది.

మిద్దె మీది ట్యాంకు

పెట్రోలు వైపు లెక్క ఇంకా సరదాగా ఉంటుంది. 4,500 చుట్ల దగ్గర యాక్సిలేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ఈ ఇంజిన్ సెకనుకు సుమారు 30 లీటర్ల గాలి పీలుస్తుంది. దానికి తగిన పెట్రోలు గంటకు 13, 14 లీటర్లు, అంటే సెకనుకు 4 మిల్లీలీటర్ల కన్నా కొంచెం తక్కువ. ఐడిల్‌లో గంటకు ఒక లీటరు కూడా అక్కర్లేదు.

కార్బొరేటర్‌లోని ఫ్లోట్ గిన్నె మిద్దె మీది నీళ్ల ట్యాంకు లాంటిది. కింద మోటారు బలహీనంగా ఉన్నా, ఒక కుళాయి వాడినంతసేపూ ఇంట్లో ఎవరికీ తెలియదు. అన్ని కుళాయిలూ ఒకేసారి తిప్పితే కాసేపు బాగా వచ్చి, తర్వాత సన్నబడుతుంది. గిన్నెలో 40 మిల్లీలీటర్ల పెట్రోలు ఉందనుకుంటే, పంపు అసలేమీ పంపకపోయినా పది సెకన్లకు పైగా కారు పూర్తి బలంతో లాగుతుంది. ఆ తర్వాతే తడబడుతుంది. అందుకే మూడో ప్రశ్న అంత విలువైనది. కొన్ని సెకన్లు బాగా లాగి నీరసించి, పెడల్ వదిలి కాసేపాగితే మళ్లీ కొన్ని సెకన్లు లాగుతుంటే అది ట్యాంకు నుంచి గిన్నె వరకు ఉన్న దారిలోని లోపం. తొక్కిన వెంటనే, ప్రతిసారీ దగ్గితే గిన్నె నుంచి ముందుకు చూడాలి: మెయిన్ జెట్‌లో నలకలు, ఫ్లోట్ మట్టం తక్కువగా ఉండటం.

శబ్దంలోనూ తేడా ఉంటుంది. ఇగ్నిషన్ తప్పితే స్విచ్ ఆపి వేసినట్టు టక్కుమని తెగుతుంది. పెట్రోలు తగ్గితే మెత్తగా కుంగుతుంది, కొన్నిసార్లు కార్బొరేటర్‌లోంచి తుమ్ముతుంది. చెవికి అలవాటు కావాలి గానీ, ఒకసారి పట్టుబడితే మరచిపోరు.

చోక్ పరీక్ష దీన్ని దాదాపు ఖాయం చేస్తుంది. ఖాళీ రోడ్డు మీద, దగ్గు మొదలైన క్షణంలో చోక్ కొద్దిగా లాగండి. చోక్ గాలిని తగ్గించి మిశ్రమాన్ని చిక్కబరుస్తుంది. కారు తేరుకుంటే పెట్రోలు చాలడం లేదన్నమాట. ఇంకా పాడైతే మిశ్రమం అప్పటికే చిక్కగా ఉండి ఉండాలి, లేదా లోపం ఇగ్నిషన్‌లో ఉండాలి. మొదటిదైతే సైలెన్సర్ నల్ల పొగతో సాక్ష్యం చెబుతుంది. కార్బొరేటర్‌లో గాలిని సరిదిద్దే చిన్న జెట్ మూసుకుపోయినప్పుడు ఇలా జరుగుతుంది.

దారి లోపమైతే ట్యాంకు నుంచి మొదలుపెట్టాలి. మూతలో గాలి రంధ్రం మూసుకుపోతే ట్యాంకులో పీడనం తగ్గి పెట్రోలు కదలదు. ఒకసారి మూత వదులు చేసి నడిపి చూడటానికి పైసా ఖర్చు లేదు. తర్వాత ఫిల్టరు, ఆ తర్వాత ఇంజిన్ పక్కనుండే పంపు. గ్యారేజీల్లో దీన్ని ‘ఏసీ పంపు’ అంటారు. చల్లగాలికీ దీనికీ సంబంధం లేదు, అది పాత తయారీ కంపెనీ పేరు. ట్యాంకుకూ పంపుకూ మధ్య ఉన్న రబ్బరు గొట్టం మీద ప్రత్యేకంగా కన్నేయాలి. అక్కడ పెట్రోలు నెట్టబడదు, పీల్చబడుతుంది. సన్నని పగులు ఉంటే బయటికి చుక్క కూడా కారకుండా లోపలికి గాలి పోతుంది. పంపు నుంచి వచ్చే గొట్టాన్ని సీసాలోకి పెట్టి, కాయిల్ వైరు తీసేసి, సెల్ఫ్‌తో తిప్పినప్పుడు పెట్రోలుతో పాటు బుడగలు వస్తే అదే కారణం. ఈ పరీక్ష చల్లని ఇంజిన్ మీద, ఆరుబయట, మంట ఆర్పే సిలిండర్ పక్కన పెట్టుకుని మెకానిక్ చేయాల్సిందే. ఇంటి పార్కింగులో చేసేది కాదు.

ఇగ్నిషనూ పెట్రోలూ రెండూ బాగుంటే అప్పుడు వాల్వు స్ప్రింగులు, మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టరు, లోపల కూలిన సైలెన్సర్ వంతు. వాల్వు స్ప్రింగు అలసిపోతే న్యూట్రల్‌లో కూడా ప్రతిసారీ కచ్చితంగా ఒకే వేగం దగ్గర ఇంజిన్ ఆగిపోతుంది. చోక్‌కు గానీ ప్లగ్గు ఖాళీకి గానీ అది లొంగదు.

మరి ఇథనాల్ మాటేమిటి?

సూరత్ చుట్టూ, బార్డోలీ వైపు వెళ్తే కనుచూపు మేర చెరకే. ఆ పంట నుంచి కూడా తయారయ్యే ఇథనాల్ ఇప్పుడు దేశమంతటా పెట్రోలులో కలుస్తోంది. 2022లో పది శాతానికి చేరిన మిశ్రమం, 2025లో ఇరవై శాతానికి చేరింది. పద్మిని తయారైన రోజుల్లో ఎవరూ ఊహించని ఇంధనం ఇది. కాబట్టి అనుమానం సహజమే. అనుమానాన్ని అంకెల్లో పెడదాం.

ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండటానికి 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్ అణువులోనే ఆక్సిజన్ ఉంది కాబట్టి దానికి 9 కిలోలు చాలు. ఇరవై శాతం మిశ్రమానికి లెక్కగడితే సుమారు 13.5. కొత్త కార్లలో సెన్సర్ ఆ తేడాను గమనించి ఇంధనం పెంచుతుంది. కార్బొరేటర్‌కు ఆ తెలివి లేదు. దానికి తెలిసింది జెట్ రంధ్రం ఎంత ఉంటే అంత వదలడమే. సాంద్రతలోని స్వల్ప తేడాను కూడా లెక్కలోకి తీసుకుంటే, పాత జెట్‌తో మిశ్రమం సుమారు 7 శాతం పలచబడుతుంది.

ఏడు శాతం అంటే ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ తట్టుకోగలిగేదే. కాస్త బలం, మైలేజీ తగ్గుతాయి. పాత ప్రమాణాల కార్లలో మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదిక కూడా అంచనా వేసింది. అయితే అప్పటికే జెట్‌లో నలకలుండి, పంపు నీరసించి, అంచు మీద నడుస్తున్న కారును ఈ ఏడు శాతం అంచు దాటిస్తుంది. పలచటి మిశ్రమాన్ని అంటించడానికి రవ్వ కూడా బలంగా ఉండాలి గనుక ఇగ్నిషన్‌లో దాగి ఉన్న బలహీనతా బయటపడుతుంది. ‘ఇథనాల్ వచ్చాకే మొదలైంది’ అనేవారి మాట చాలాసార్లు నిజమే. కానీ ఇథనాల్ పోతే తప్ప బాగుపడదన్నది మాత్రం నేను ఒప్పుకోను.

నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది రబ్బరు. పాత గొట్టాలు, పంపులోని డయాఫ్రమ్, కొన్ని రకాల సీళ్లు ఇథనాల్‌కు ఉబ్బుతాయి, మెత్తబడతాయి, తర్వాత పగులుతాయి. దగ్గుతో మొదలైన కథ వేడి ఇంజిన్ మీద పెట్రోలు కారడంతో ముగిస్తే నష్టం కారుతో ఆగదు. ఇథనాల్ తట్టుకునే గొట్టాలు, డయాఫ్రమ్ వేయించడం రోగనిర్ధారణలో భాగం కాకపోయినా ముందు చేయించాల్సిన పని అదే. ట్యాంకు అడుగున పేరుకున్న పాత మడ్డిని కూడా ఇథనాల్ కదిలిస్తుంది. అందుకే మొదటి కొన్ని నెలలు ఫిల్టరు త్వరగా నిండిపోతుంది. నెలల తరబడి కదలని కారులో, వానాకాలపు సముద్రపు గాలి నుంచి ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. ఆ తేమ హద్దు దాటితే నీళ్లూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుగుకు దిగుతాయి. పెట్రోలు తీసుకునే గొట్టం ఉండేదీ అక్కడే.

ఇవన్నీ సరిచేశాక కూడా చోక్ లాగితేనే కారు తేరుకుంటోందా? ప్లగ్గుల పింగాణీ తెల్లగా కాలినట్టుందా? అప్పుడు మెయిన్ జెట్ మార్చే మాట. జెట్ మీది నంబరు రంధ్రం వ్యాసాన్ని మిల్లీమీటరులో వందో వంతుల్లో చెబుతుంది. 120 అంటే 1.20 మిల్లీమీటర్లు. పెట్రోలు పారేది వైశాల్యాన్ని బట్టి, వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి మారుతుంది. కాబట్టి 7 శాతం ఎక్కువ కావాలంటే వ్యాసం మూడున్నర శాతం పెరిగితే చాలు: 120 ఉన్నచోట 124 లేదా 125. కొందరు సూదితో, సన్నని డ్రిల్లుతో పాత జెట్‌నే పెద్దది చేస్తారు. అలా చేసిన రంధ్రం గుండ్రంగా ఉండదు, కొలతకూ దొరకదు. నంబరున్న కొత్త జెట్ కొని వేయించి, పాతదాన్ని డబ్బాలో దాచి, అదే రోడ్డు మీద, అదే గేరులో, అదే వేగం దగ్గర మళ్లీ చూడాలి. ఆరోజు ఇంకేదీ మార్చకూడదు, పాయింట్ల జోలికి అసలే వెళ్లకూడదు.